ముందు కారు సీటు, ఆ తర్వాతే స్ట్రోలర్

ప్రశ్న: మాది చిత్తూరు, కట్టమంచి. నాకిప్పుడు ఏడో నెల, తొలికాన్పు. అత్తగారిల్లు తిరుపతిలో. మావారికి చెన్నైలో ఉద్యోగం, వారానికోసారి వస్తారు. ఎనిమిదేళ్ల నాటి చిన్న కారు ఉంది. బిడ్డ పుట్టాక చిత్తూరు, తిరుపతి, చెన్నై మధ్య తిరగక తప్పదు. కారు సీటు, దానికి సరిపోయే స్ట్రోలర్ కలిపి ఒక సెట్టుగా కొందామని చూస్తుంటే తల తిరిగిపోతోంది. అమెరికాలో ఉన్న మా అన్న, వాళ్ల పాపకు వాడిన సెట్టును వచ్చే నెల తెస్తానంటున్నాడు. ఇక్కడి షాపులో 'కారు సీట్ కమ్ క్యారీ కాట్' అని ఒకటి చూపించారు. మా అత్తమ్మేమో 'నా ఒడి ఉండగా సీటెందుకు? అసలు బిడ్డ పుట్టకముందే ఏమీ కొనకూడదు' అంటున్నారు. 30 వేల దాకా పెట్టగలం. ఏది తీసుకోమంటారు?
– ఒక సోదరి, చిత్తూరు

జవాబు:

అమ్మా, మీరు 'సెట్టు' అన్న చోటే చిక్కంతా ఉంది. కారు సీటునూ స్ట్రోలర్‌నూ జత చేసి 'ట్రావెల్ సిస్టమ్' అని అమ్ముతారు. కారు దిగగానే బిడ్డను నిద్ర లేపకుండా సీటుతో సహా తీసి స్ట్రోలర్ మీద బిగించుకోవచ్చు. చూడటానికి చాలా ముచ్చటగా ఉంటుంది. కానీ షాపులో మన కళ్లు ముందు పడేది స్ట్రోలర్ మీదే. దాని రంగు, చక్రాలు, గొడుగు చూసి మనసు పారేసుకుని, దాంతోపాటు వచ్చిన సీటు ఎలా ఉన్నా సరిపెట్టుకుంటాం. నా మాట వినండి, వరస మార్చండి. ముందు మీ కారుకూ మీ బిడ్డకూ సరిపోయే సీటు చూసుకోండి. దానికి స్ట్రోలర్ జత కుదిరితే సంతోషం, కుదరకపోయినా నష్టం లేదు. నచ్చని స్ట్రోలర్‌ను తర్వాత మార్చుకోవచ్చు. సీటు అలా కాదు, అవసరం పడిన ఆ ఒక్క క్షణంలో అది సరిగ్గా పని చేసి తీరాలి.

ఇక మీ అత్తమ్మ మాట. ఆమె ప్రేమను నేను తక్కువ చేయడం లేదు. మనందరినీ మన అవ్వలు ఒళ్లో పెట్టుకునే బస్సుల్లో, కార్లలో తిప్పారు. కానీ అప్పటి రోడ్లు వేరు, అప్పటి వేగాలు వేరు. కారు 50 కిలోమీటర్ల వేగంతో పోతూ దేన్నో గుద్దుకుని, సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకోండి. అప్పుడు 4 కిలోల బిడ్డ 50 కిలోలకు పైగా బరువున్నట్టు ముందుకు దూసుకుపోతుంది. అంటే 25 కిలోల బియ్యం మూటలు రెండు ఒక్కసారిగా ఒళ్లోంచి లేచిపోయినట్టు. ఎంత ప్రేమ ఉన్నా ఏ చేతులూ దాన్ని పట్టి ఆపలేవు. చిత్తూరు–తిరుపతి రోడ్డు మీద కార్లు 50 దగ్గర ఆగడం లేదని మీకు నేను చెప్పనక్కర్లేదు. కొందరు తల్లులు బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఇద్దరికీ కలిపి ఒకే సీటు బెల్టు పెట్టుకుంటారు. అది ఇంకా ప్రమాదం. పెద్దవాళ్ల బరువంతా బెల్టుకూ తమకూ మధ్య ఉన్న పసిబిడ్డ మీద పడుతుంది.

ఇదే మాట మీ అత్తమ్మతో నెమ్మదిగా చెప్పి చూడండి. చెబుతూనే ఆమెకొక పని కూడా అప్పగించండి. వెనక సీట్లో బిడ్డ పక్కన కూర్చుని, మెడ వాలిందా, ఊపిరి సాఫీగా ఆడుతోందా, చెమట పట్టిందా అని చూస్తూ ఉండే మనిషి ప్రతి ప్రయాణంలోనూ కావాలి. ఆ పని అవ్వకంటే బాగా ఎవరూ చేయలేరు. 14 ఏళ్ల లోపు పిల్లలను సీటు బెల్టుతోనో, పిల్లల సీటుతోనో కట్టి ఉంచకపోతే 1,000 రూపాయల జరిమానా అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. అయినా మీ అత్తమ్మకు జరిమానా లెక్క కంటే బియ్యం మూటల లెక్కే మనసుకు ఎక్కుతుందని నా నమ్మకం.

సీటు ఎలా ఉండాలో చెబుతాను. మీకు కావలసింది అప్పుడే పుట్టిన బిడ్డకు పనికొచ్చేది, బిడ్డ ముఖం కారు వెనక అద్దం వైపు ఉండేలా బిగించేది. పసిబిడ్డ ఒంటి పొడవులో తలే దాదాపు నాలుగో వంతు ఉంటుంది. మెడ ఇంకా లేతగానే ఉంటుంది. ముఖం ముందుకు పెట్టి కూర్చోబెడితే, కారు ఆగినప్పుడు బెల్టులు ఒంటిని పట్టేస్తాయి కానీ తల మాత్రం ముందుకు విసురుగా పోతుంది. అప్పుడు భారమంతా మెడ మీద పడుతుంది. వెనక్కు తిప్పి పెడితే తల, మెడ, వీపు మూడూ సీటు లోపలికే ఆనుకుంటాయి, దెబ్బ వీపంతా పంచుకుంటుంది. ఐరోపా కొత్త నిబంధన ఆర్ 129 ప్రకారం కనీసం 15 నెలలు నిండేదాకా ఇలాగే కూర్చోబెట్టాలి. మొదటి పుట్టినరోజు కాగానే 'పాపకు బయట చూడాలని ఉంటుంది' అని ముందుకు తిప్పేవాళ్లను చాలామందిని చూశాను. దయచేసి ఆ తొందర పడకండి.

సీటు వెనకనో అడుగునో ఒక నారింజ రంగు స్టిక్కర్ ఉండాలి. దాని మీద ఒక వలయం, వలయంలో ఇంగ్లీషు 'ఈ' అక్షరం, పక్కన ఒక అంకె ఉంటాయి. ఆమోదం ఇచ్చిన దేశాన్ని ఆ అంకె చెబుతుంది: 1 అంటే జర్మనీ, 4 అంటే నెదర్లాండ్స్. పాత ఆర్ 44 నిబంధన సీటైతే '0–13 కిలోలు' అని బరువు రాసి ఉంటుంది, ఆమోదం నంబరు 04తో మొదలవుతుంది. కొత్త ఆర్ 129 సీటైతే బరువుకు బదులు బిడ్డ పొడవు సెంటీమీటర్లలో ఉంటుంది. మన దేశానికి ఏఐఎస్ 072 అనే ప్రమాణం ఉంది. షాపులో మీకు చూపించిన ఆ 'క్యారీ కాట్' మీద ఇలాంటి స్టిక్కర్ ఉందేమో తిరగేసి చూడండి. లేకపోతే అది ఇంట్లో బిడ్డను మోసుకెళ్లే బుట్ట మాత్రమే. డబ్బా మీద 'కారు సీట్' అని రాసినంత మాత్రాన కారు సీటు అయిపోదు. స్టిక్కర్ ఉంటే మటుకు పేరు ఏదైనా భయం లేదు. మన దేశపు కంపెనీలవి స్టిక్కర్ ఉన్నవే పది వేల లోపు దొరుకుతాయి. మీ 30 వేలలో సీటుకూ స్ట్రోలర్‌కూ సరిపోయి ఇంకా మిగులుతుంది.

'0 నుంచి 36 కిలోల దాకా ఒకే సీటు' అనేవి చూసి ఆశపడకండి. పన్నెండేళ్ల దాకా పనికొస్తుందంటే లాభమే అనిపిస్తుంది. కానీ మన దగ్గర బిడ్డలు చాలామంది రెండున్నర, మూడు కిలోలతో పుడతారు. అంత చిన్న ఒళ్లు ఆ పెద్ద సీటులో ఒక పక్కకు జారిపోతుంది, బెల్టులు భుజాల కంటే పైన ఉండిపోతాయి. మొదటి ఏడాదికి పసిబిడ్డల సీటే మేలు. ఆ తర్వాత ఎలాగూ మరొకటి కొనాల్సిందే.

మీరు అడగకపోయినా నేను ఎక్కువ చెప్పాలనుకున్నది మీ కారు గురించే. సీటు కొనే ముందు కారును షాపు దగ్గరికి తీసుకెళ్లండి. ఆన్‌లైన్‌లో కొనేటట్టయితే తిరిగి పంపే వీలుందో లేదో చూసుకోండి. ఎందుకంటే ఎనిమిదేళ్ల నాటి చిన్న కార్లలో మూడు చిక్కులు వస్తాయి.

మొదటిది సీటు కవర్లు. కారు కొన్న కొత్తలో వేయించిన రెగ్జిన్ కవర్ల కింద వెనక సీటు బెల్టుల బకిల్స్ పూడిపోయి ఉంటాయి. చాలామందికి అవి ఉన్నాయన్న సంగతే గుర్తుండదు. కవరు విప్పించి వాటిని బయటికి తీయించండి. రెండోది బెల్టు పొడవు. పసిబిడ్డల సీటు చుట్టూ బెల్టు తిరిగి రావాలంటే మనిషికి కావలసిన దాని కంటే చాలా పొడవు కావాలి. నడుము భాగం బిడ్డ కాళ్ల మీదుగా, భుజం భాగం సీటు వీపు చుట్టూ పోతుంది. ఆ దారి చూపించడానికి సీటు మీద నీలం రంగు గుర్తులు ఉంటాయి. కొన్ని కార్లలో బెల్టు బకిల్ దాకా రానే రాదు. షాపులో బిగించి చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. మూడోది జాగా. వెనక్కు తిరిగిన సీటు పెట్టాక దాని ముందున్న సీటును ముందుకు జరపాలి. మావారు పొడుగు, డ్రైవరు సీటు జరపడం కుదరదు అనేవాళ్లు ఎడమ పక్కన, అంటే ముందు కూర్చునే ప్రయాణికుడి వెనక పెట్టుకోండి. రోడ్డు పక్కకే దిగుతారు కాబట్టి బిడ్డను ఎత్తుకోవడానికీ అదే వీలు.

మధ్య సీటులో నడుము బెల్టు మాత్రమే ఉంటే అక్కడ పెట్టొద్దు, మూడు చోట్ల పట్టే బెల్టే కావాలి. ముందు సీట్లో, ఎయిర్‌బ్యాగ్ ఉన్న చోట వెనక్కు తిరిగిన సీటును ఎన్నడూ పెట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుని సరిగ్గా బిడ్డ తల వెనక కొడుతుంది. ఇందులో సర్దుబాటు లేదమ్మా. వెనక సీటు కుషన్‌కూ వీపుకూ మధ్య సందులో వేలు పెట్టి చూస్తే సన్నటి ఇనుప కడ్డీలు తగిలితే మీ కారులో ఐసోఫిక్స్, అంటే పిల్లల సీటును బెల్టు లేకుండా నేరుగా కారుకు తగిలించే ఏర్పాటు, ఉన్నట్టే. అప్పుడు ఆ కడ్డీలకు తగిలే బేస్ (సీటు కింది పీఠం) ఉన్న సీటు కొంటే బిగించడంలో పొరపాట్లు తగ్గుతాయి. లేకపోతే ఐసోఫిక్స్ బేస్ మీద డబ్బు వృథా. బెల్టుతో సరిగ్గా బిగించినా భద్రమే.

మీ అన్న తెస్తానన్న సెట్టు సంగతి. నా సలహా ఏమిటంటే, స్ట్రోలర్ తెమ్మనండి, సీటు వద్దనండి. అమెరికా సీట్లు అక్కడి కార్ల బెల్టులను దృష్టిలో పెట్టుకుని చేసినవి. అక్కడి బెల్టును పూర్తిగా లాగితే బిగుసుకుని కదలకుండా ఉండిపోయే ఏర్పాటు ఉంటుంది. మన చిన్న కార్లలో మామూలుగా అది ఉండదు. దాని కోసం వేరే క్లిప్పు పెట్టి బిగించాలి, అది తెలిసినవాళ్లు మన ఊళ్లో దొరకడం కష్టం. పైగా ఇది వాడిన సీటు. సీటు డొల్ల మీద తయారైన తేదీ, ఎన్నేళ్లు వాడవచ్చో ముద్రించి ఉంటుంది. గడువు సాధారణంగా ఆరు నుంచి పదేళ్లు. సీటు ఏదైనా ప్రమాదం చూసిందో లేదో మీ అన్నను అడిగి తెలుసుకోవచ్చు కాబట్టి ఆ భయం అంతగా లేదు. కానీ విమానం లగేజీలో విసురుగా పడితే లోపల వచ్చే పగులు బయటికి కనిపించదు. ఇక్కడ పది వేల లోపు కొత్తది వస్తుంటే ఇంత ఆలోచన ఎందుకు? అన్న మనసు నొచ్చుకోకుండా, స్ట్రోలర్ చాలా ఉపయోగం అని చెప్పండి. అది నిజం కూడా.

అప్పుడు సీటూ స్ట్రోలరూ ఒకదానికొకటి బిగవవు కదా అంటారేమో. బిగవవు. ఒక కంపెనీ సీటు మరో కంపెనీ స్ట్రోలర్‌కు ఎక్కాలంటే అడాప్టర్ కావాలి. అది కూడా ఆ మోడల్‌కు ఈ మోడల్ సరిపోతుందని కంపెనీ రాసి ఉంటేనే. పైన కూర్చుంది కదా అని బిగవని సీటును స్ట్రోలర్ మీద పెట్టి తోయకండి. ఒక కంపెనీ సీటే, ఆ కంపెనీ స్ట్రోలరే అయినా మోడల్ పేరు, నంబరు రెండూ చూసుకోకుండా కొనకండి. మా బంధువుల ఇంట్లో ఒకే పేరున్న రెండింటినీ విడివిడిగా తెప్పించుకుని, తీరా పాపను తిరుచానూరు గుడికి తీసుకెళ్లే రోజున అడాప్టర్ వేరే అని తెలిసి చాలా బాధపడ్డారు.

అసలు సీటు స్ట్రోలర్ మీద బిగుసుకోవడం మీకెంత అవసరమో ఆలోచించండి. సీటే మూడు నుంచి ఐదు కిలోలు, బిడ్డ ఐదు కిలోలు, కింద స్ట్రోలర్ ఇంకో ఎనిమిది తొమ్మిది. ఇదంతా ఎక్కడ తోస్తారు? కట్టమంచి వీధుల్లోనా, తిరుపతి గాంధీ రోడ్డులోనా? కాలిబాట ఉన్న చోట బండ్లుంటాయి, లేని చోట మనం రోడ్డు మీదికి రావాలి. మీవారితో చెన్నైలో ఉన్నప్పుడు మాల్‌లో, ఎయిర్‌పోర్టులో, అపార్టుమెంటు ఆవరణలో బాగా పనికొస్తుంది. కాబట్టి నేనైతే బిగుసుకునే గుణం కంటే మూడు విషయాలు చూస్తాను. వీపు పూర్తిగా పడుకోబెట్టేంత వెనక్కు వాలాలి. బిడ్డ తనంతట తాను కూర్చునేదాకా, అంటే దాదాపు ఆరు నెలల వరకూ, నిటారుగా కూర్చోబెట్టే స్ట్రోలర్ పనికిరాదు. మడిస్తే మీ కారు డిక్కీలో పట్టి ఇంకా సంచులకు చోటు మిగలాలి. చక్రాలు మరీ చిన్నవైతే మన రోడ్ల గుంతల్లో ఇరుక్కుంటాయి. మీ అన్న స్ట్రోలర్ పూర్తిగా వాలుతుందో లేదో ఇప్పుడే ఫోన్ చేసి అడగండి. వాలకపోతే ఆరో నెల దాకా అటక మీదే ఉంటుంది.

బిడ్డను సీట్లో కూర్చోబెట్టే తీరు కూడా నేర్చుకోవాలి. బెల్టులు బిడ్డ భుజాల ఎత్తులోనో, కాస్త కిందుగానో ఉన్న రంధ్రాల్లోంచి రావాలి. బిగించాక భుజం ఎముక దగ్గర పట్టీని రెండు వేళ్లతో చిటికెలా పట్టి చూడండి, మడత చేతికి చిక్కకూడదు. పొత్తిగుడ్డలో చుట్టిన బిడ్డను అలాగే సీట్లో పెట్టకండి. కాళ్ల మధ్య నుంచి పట్టీ రాదు కాబట్టి అది కట్టినా కట్టనట్టే. ముందు కట్టి, చలిగా ఉంటే పైన దుప్పటి కప్పండి. సీటుతో రాని దిండ్లు, బొంతలు వీపు కింద వేయొద్దు. మా మనవరాలిని రెండో నెలలో తిరుపతికి తీసుకెళ్తూ మెత్తగా ఉంటుందని వీపు వెనక చిన్న బొంత పెట్టాం. పూతలపట్టు దాటాక చూస్తే పాప గడ్డం ఎదకు ఆనిపోయి ఉంది, ఊపిరి గురకలా వస్తోంది. కారు ఆపి బొంత తీసేసి, సీటు వాలు సరిచేసేదాకా నా గుండె నిలవలేదు. గడ్డం ఎదకు ఆనితే పసిబిడ్డ గాలి దారి మూసుకుపోతుంది. పక్కన కూర్చున్న మనిషి కనిపెట్టుకుని ఉండాలని ముందే చెప్పింది ఇందుకే.

అందుకే సీట్లో ఎంతసేపు ఉంచాలన్నదానికి కూడా లెక్క ఉంది. మొదటి నాలుగు వారాలు ఒక విడతకు అర్ధగంటే మంచిది. ఆ తర్వాత కూడా ఏకబిగిన రెండు గంటలు దాటొద్దు. చిత్తూరు నుంచి తిరుపతి 70 కిలోమీటర్లు. నెల దాటిన బిడ్డతో మధ్యలో ఒకసారి ఆగి, ఎత్తుకుని పాలిచ్చి బయల్దేరితే సరిపోతుంది. మొదటి నెలలో ఆ ప్రయాణం పెట్టుకోకండి. ఎలాగూ మన దగ్గర బాలింతను అప్పుడే పుట్టింటి నుంచి పంపరు, ఆ ఆచారం ఇక్కడ మీకు అండగా నిలుస్తుంది. చెన్నైకైతే కనీసం రెండు చోట్ల ఆగాలి. నెలలు నిండకుండా పుట్టినా, బరువు తక్కువగా ఉన్నా డిశ్చార్జికి ముందే పిల్లల డాక్టరును అడగండి. ఇల్లు చేరాక నిద్రపోతోంది కదా అని సీట్లోనే వదిలేయకండి, తీసి చదునైన పక్క మీద పడుకోబెట్టండి.

కొండకు వెళ్లే రోజు ఒక్కటి గుర్తుంచుకోండి. అలిపిరి దగ్గర తనిఖీకి అందరూ దిగాలి. దిగేటప్పుడు బిడ్డను విప్పి ఎత్తుకుంటాం, వెనక కార్లు హారన్ కొడుతుంటే హడావుడిగా ఒళ్లోనే పెట్టుకుని ఎక్కేస్తాం. అక్కడి నుంచే ఘాట్ రోడ్డు మలుపులు మొదలు. కారును కాస్త పక్కకు ఆపి, బిడ్డను మళ్లీ పూర్తిగా కట్టాకే కదలండి.

ఎండాకాలంలో మన జిల్లాలో నీడలో ఆపిన కారు కూడా పొయ్యిలా అవుతుంది. సీటు బకిల్ లోహం బిడ్డ తొడకు తగిలితే కాలుతుంది, ఎక్కించే ముందు చేత్తో తాకి చూడండి. స్ట్రోలర్ మీద ఎండ పడకుండా దుప్పటి, చున్నీ పూర్తిగా కప్పేయకండి, లోపల వేడి నిలిచిపోతుంది. ఐదు నిమిషాలే కదా అని బిడ్డను కారులో వదిలి దిగడం మాత్రం ఎప్పటికీ వద్దు.

మిగిలింది 'పుట్టకముందే కొనకూడదు' అన్న మాట. మీ అత్తమ్మను కాదని చేయాల్సిన అవసరం లేదు. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చే మొదటి ప్రయాణానికే సీటు కావాలి కాబట్టి, ఎనిమిదో నెలలో మీవారు ఏదైనా వారాంతం కారు తీసుకెళ్లి సీటు బిగించి చూసి, డబ్బు కట్టి షాపులోనే ఉంచమనండి. షాపువాళ్లు ఒప్పుకోకపోతే ఏ స్నేహితుడి ఇంట్లోనో పెట్టండి. అది మీ ఇంటి గడప తొక్కేది బిడ్డతో పాటే. కానీ మీవారు ఆ పెట్టె విప్పకుండా ఉంచకూడదు. మాన్యువల్ చదివి, కనీసం నాలుగైదుసార్లు కారులో బిగించి తీయాలి. బిగించాక సీటును బెల్టు పోయే చోట పట్టుకుని అటూ ఇటూ లాగితే ఒక అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. మోసే పిడి ఏ స్థితిలో ఉండాలో ఒక్కో కంపెనీ ఒక్కో విధంగా చెబుతుంది, అదీ చూసుకోవాలి. ఒక బొమ్మను కూర్చోబెట్టి పట్టీలు పెట్టడం, తీయడం మీ ఇద్దరూ సాధన చేయండి. వీలైతే ఆ రోజు మీ అత్తమ్మను కూడా పిలవండి. బకిల్ ఎర్ర బొత్తాం గట్టిగా ఉంటుంది, ఎలా నొక్కాలో ఆమెకూ తెలియాలి.